ఒక్క అబద్ధమూ రాయని దరోగా

పోయిన నెల ఇద్దరు పెద్దమనుషులు సూర్యాపేటలో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. ఇద్దరూ ఉద్యోగాలు చేసి రిటైరైనవాళ్ళే. ఒకాయన చేతిసంచీలోంచి ఫోటో తీసి చూపించాడు. దానికి అప్పటికే చందనం పూలదండ వేసి ఉంది. తమకు బళ్ళో సైన్సు చెప్పిన సారు కాలం చేశాడని, ఆయన మీద చిన్న పుస్తకం వేస్తున్నామని, అందులో నేను కూడా నాలుగు మాటలు రాయాలని అడిగారు.

"కోదాడ నాకాలో సారూ మీరూ కలిసి పనిచేశారంట కదండీ. అప్పటి సంగతులు తెలిసినోళ్ళు మీరొక్కరే మిగిలారు," అన్నాడు ఫోటో తెచ్చినాయన.

"ఏం రాయమంటరు?" అన్నాను.

"సారు గొప్పతనం రాయండి. ఎలక్ట్రాన్ల పాఠం ఆయన చెప్పినట్టు ఇంకెవరూ చెప్పలేరు. ఒక్కనాడు గొంతు పెంచి మాట్లాడలేదు. ఎవర్నీ తిట్టలేదు. అబద్ధం ఆడి ఎరగడు."

ఆయన చెప్పినవన్నీ నిజాలే. వాళ్ళకు చాయ్ ఇప్పించి, రాసి పంపుతానని మాటిచ్చాను. రాశాను. వేసుకుంటారో, చించేస్తారో వాళ్ళ ఇష్టం.

నేను ఆయన్ని మొదటిసారి చూసింది కోదాడ అవతల, సరిహద్దు తనిఖీ నాకాలో. అప్పటికి ఇటువైపు ఇంకా నిజాం రాజ్యం. వాగు దాటితే ఇంగ్లీషువాళ్ళు వదిలేసి వెళ్ళిన ఇండియా. బండ్లు, మందలు, మూటలు, ఏవి ఇటు రావాలన్నా, అటు పోవాలన్నా మా అడ్డకర్ర పైకి లేవాలి. నాది నేరేడుచర్ల. ఉర్దూలో చేతిరాత కుదురుగా ఉంటుందని నన్ను మున్షీగా పెట్టుకున్నారు. ఆయన మా నాకాకు దరోగా, అంటే పై అధికారి. పట్నంలో ఉర్దూలో బీఎస్సీ చదివి వచ్చిన మనిషి. ఆ చదువుకు తగ్గ కొలువు దొరకలేదని, దుమ్ములో మూటలు విప్పించే పనికి తనను పంపారని ఆయన బాధ. ఆ బాధను మా అందరి మీదా సన్నటి తుంపరలా చల్లుతూ ఉండేవాడు.

మనిషి పొడుగు, సన్నం. నెత్తిన రూమీ టోపీ. షేర్వానీ గుండీలన్నీ మెడదాకా పెట్టుకునేవాడు. ఎండాకాలం కూడా ఒక్క గుండీ విప్పేవాడు కాదు. జేబులో తెల్ల చేతిరుమాలు ఉండేది. కుర్చీ తుడుచుకుని కూర్చునేవాడు. మనం ఇచ్చిన కాగితం అంచు తుడిచి పట్టుకునేవాడు. నేను కలం అందిస్తే దాన్నీ తుడిచేవాడు. ఎదుటి మనిషి ముఖం చూసి మాట్లాడటం మాత్రం నేనెన్నడూ చూడలేదు. వచ్చినవాడి చేతిలో ఏముందో అది చూస్తూ మాట్లాడేవాడు. ఒకసారి ఓ ముసలామె కూతురి కాన్పుకని వాగు అవతలికి పోతూ, తొందరగా వదలమని కన్నీళ్ళు పెట్టుకుంది. ఆమె మాటలో 'ఖ' పలకాల్సిన చోట 'క' పలికిందని ఆయన సరిదిద్దాడు. ఆమె భయపడి సరిగ్గా పలికేదాకా కర్ర లేపలేదు. కోపంగా కాదు, ఎంతో ఓపికగా.

ఆయన గదిలో ఒక చెక్కపెట్టె ఉండేది. అందులో స్పిరిట్ దీపం, గాజుకాడకు అతికించిన సన్నటి తీగ ముక్క, చిన్న సీసాలో ఆమ్లం, అరచేయంత నీలం అద్దం. ఇవన్నీ కాలేజీవాళ్ళు ఇచ్చారని ఆయన చెప్పేవాడు. ఇచ్చారో, వచ్చేటప్పుడు ఈయనే సర్దుకున్నాడో నాకు తెలియదు. నేను చేరిన వారానికి ఒక మధ్యాహ్నం నన్ను గదిలోకి పిలిచి, తలుపులు కిటికీలు మూయించి, దీపం వెలిగించాడు. తీగ కొసకు ఉప్పు రేణువు అంటించి మంటలో పెట్టాడు. కంటికి కనపడీ కనపడని నీలిమంట ఒక్కసారిగా పసుపుపచ్చగా ఎగిసింది.

"చూసినవా మున్షీ? ఇదేంది?"

"ఉప్పు మండుతున్నది సాబ్."

"మండుతలేదు. జౌహర్ మాట్లాడుతున్నది."

జౌహర్ అంటే పరమాణువు. ఆయన చదివిన ఉర్దూ పుస్తకాల్లో ఆ పేరు. దాని లోపల తిరిగే ఎలక్ట్రాన్‌ను బర్కియా అనేవాడు.

"బర్కియాకు నిలబడే జాగలు ఉంటయి. మెట్లనుకో. దర్జాలంటం వాటిని. కింది దర్జా మీద ఉన్నదానికి మంట తాకితే శక్తి దొరుకుతది. అది తిని పై దర్జాకు దుంకుతది. కానీ ఎంత పడితే అంత తినదు. ఈ మెట్టుకూ ఆ మెట్టుకూ ఎంత తేడానో అంతే తింటది. జర తక్కువిస్తే ముట్టదు."

"ముట్టకపోతే?"

"ఉన్నకాడనే ఉంటది. ఇగ పైకి పోయినదాని సంగతి విను. పైన అది ఎక్కువసేపు నిలవలేదు. మళ్ళీ కిందికి దుంకుతది. దుంకేటప్పుడు తిన్న శక్తిని వెలుగు చేసి కక్కుతది. ఎంత ఎత్తు నుంచి దుంకిందో దాన్నిబట్టి రంగు. ఉప్పులో సోడియం ఉంటది, దాని మెట్ల లెక్కకు ఈ పసుపు. ఒకదాని మెట్లు ఇంకొకదానికి ఉండయి. అందుకే ఒకదాని రంగు ఇంకొకదానికి రాదు."

"మెట్టుకూ మెట్టుకూ నడుమ నిలబడదా సాబ్?"

"నడుమ నిలబడే హక్కు దానికి లేదు," అన్నాడు, ఆ హక్కు తీసేసింది తనే అయినట్టు.

ఆ రోజు నాకు నిద్ర పట్టలేదంటే నమ్మండి. మా అమ్మ కూరలో వేసే ఉప్పు లోపల ఇన్ని మెట్లున్నాయని, అక్కడ ఏదో ఎక్కుతూ దిగుతూ వెలుగు కక్కుతుందని నాకు ఎవరూ చెప్పలేదు. ఆ సంగతి అందంగా ఉంది. ఇప్పటికీ అందంగానే ఉంది. ఈయన నోటి నుంచి వినాల్సి రావడం దాని దురదృష్టం.

ఎందుకంటే ఆ దర్జాల మాట ఆయన మంటతో ఆపేవాడు కాదు. తెలుగులో దర్జా అంటే హోదా అని మనకు తెలిసిన అర్థం ఒకటుందిగా, ఆయనకు రెండూ కలిసిపోయాయి. జవాను ఎప్పుడైనా బెంచీ మీద కూర్చుని కనిపిస్తే, "ఎవరి దర్జా మీద వాళ్ళుండాలె. జౌహర్‌లో ఉన్న కాయిదానే ఇది," అనేవాడు. మందల వాళ్ళు నీడ కోసం వరండాలోకి వస్తే అదే మాట. భగవంతుడు ప్రపంచాన్ని ఈయన కొలువుకు అనుకూలంగా కట్టాడని, సైన్సు దానికి సాక్ష్యం చెబుతోందని ఆయన గట్టి నమ్మకం. తను మాత్రం కింది దర్జాలో పొరపాటున ఉన్నాడు. పైనుంచి తగినంత శక్తి రావడమే ఆలస్యం, పట్నంలో ప్రయోగశాలకు దుంకుతాడు. ఆ శక్తి కోసం నెలనెలా అర్జీలు పెట్టేవాడు. వాటిని శుభ్రంగా రాసిపెట్టేది నేనే.

ఊళ్ళన్నీ అల్లకల్లోలంగా ఉన్న కాలం అది. జనం వడిసెలలు, నాటు తుపాకులు పట్టుకున్నారు. నాటు తుపాకీ మందుకు సురేకారం కావాలి. వాగు అవతలి నుంచి ఆ తెల్లపొడి రాకుండా చూడమని, తెచ్చినవాణ్ణి పట్టి అప్పగించమని పైనుంచి హుకుం వచ్చింది. ఆ కాగితం చదివి ఆయన చేతిరుమాలుతో పెదవులు తుడుచుకున్నాడు. సురేకారంలో పొటాషియం ఉంటుంది. పొటాషియం రంగు మంటలో ఊదాగా కనిపిస్తుంది. ఆయన చెక్కపెట్టెకు ఇన్నాళ్ళకు పని దొరికింది.

ఎండలు ముదిరిన రోజుల్లో లింగయ్య మంద వచ్చింది. లింగయ్యది మాడుగులపల్లి. ఇటువైపు పచ్చిక ఎండిపోతే గొర్లను తోలుకుని వాగు అవతల కోసిన మడుల్లో మేపుకుని, వానలకు ముందు తిరిగి వచ్చే మనిషి. భార్య సత్తెమ్మ కూడా వెంట ఉంది. జవాను మూటలు విప్పించాడు. ఒక మూటలో బూడిదరంగు కలిసిన తెల్లటి పొడి కనిపించింది.

"ఏందిది?" అన్నాడు దరోగా, మూటను చూస్తూ.

"గొర్లకు నాకిచ్చేది దొరా. ఉప్పుల తుమ్మబూడిద కలిపిన. కడుపుల పురుగు పోతది," అన్నాడు లింగయ్య.

జవాను చిటికెడు నాలుక మీద వేసుకున్నాడు. "ఉప్పే సాబ్."

"నీ నాలుక మీద నేను రిపోర్టు రాయాల్నా?" అన్నాడు దరోగా.

గది తలుపులు మూశాం. తీగ మీద పొడి పెట్టి మంటలో ఉంచాడు. మంట పసుపుగా వెలిగింది, ఉప్పు కాబట్టి. ఆ పసుపు ముందు ఇంకే రంగూ కనపడదు. అప్పుడు నీలం అద్దాన్ని చేతిరుమాలుతో తుడిచి కంటికి అడ్డం పెట్టుకున్నాడు. ఆ అద్దం పసుపును మింగేస్తుంది. చాలాసేపు చూశాడు. తర్వాత నన్ను చూడమన్నాడు. అద్దంలోంచి మంట చుట్టూ పలచగా, వంకాయ పువ్వు రంగు ఆడుతూ కనిపించింది.

"పొటాషియం," అన్నాడు. ఆయన గొంతులో సంతోషం నేను వినడం అదే మొదలు.

నాకు లింగయ్య మాట గుర్తొచ్చింది. "సాబ్, కట్టెల బూడిదలో కూడా పొటాషియం ఉంటదా?"

"ఉంటది."

"మరి అతను బూడిద కలిపిన అంటున్నడు గదా?"

"అన్నడు."

"అట్లయితే..."

"మున్షీ, ఈ పొడిలో పొటాషియం ఉన్నదా, లేదా?"

"ఉన్నది సాబ్."

"అదే రాయి. సురేకారం అని రాయకు. నేను సురేకారం అనలేదు. పొడిని మంటలో పరీక్షించగా పొటాషియం ఉన్నట్టు స్పష్టంగా తేలింది. అంతే. అందులో అబద్ధం ఉన్నదా?"

లేదు. నేను రాశాను. కుదురైన చేతిరాతతో రాశాను. అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు, ఇంట్లో ఐదుగురు నా మీద ఆధారపడి ఉన్నారు. ఇది సాకు అని నాకూ తెలుసు.

నేను కాగితం పట్టుకుని బయటికి వచ్చేసరికి, ఏం రాశారో జవాను సత్తెమ్మకు చెప్పేశాడు. ఆమె ఏడవలేదు. నాకా ముందున్న చాయ్ కొట్టు పొయ్యి దగ్గరికి పోయి, ఎర్రటి నిప్పులు పెంకులో ఎత్తుకొచ్చి దరోగా గది గడప ముందు పెట్టింది.

"అయ్యా, జర బయటికొచ్చి సూడు. తుపాకి మందుల ఏసేదైతే నిప్పుల పడంగనే భగ్గుమనాలె గదా?"

మూటలోంచి గుప్పెడు తీసి నిప్పుల మీద చల్లింది. పొడి చిటపటలాడింది. ఉప్పురవ్వలు ఎగిరి గడప దాటి పడ్డాయి. భగ్గుమనలేదు. ఇంకో గుప్పెడు వేసింది. మళ్ళీ చిటపట.

"దిష్టి తీసి పొయ్యిలేస్తే ఎట్ల పేలుతదో గట్లనే పేలుతున్నది. గిది ఉప్పు గాకపోతే ఇంకేందయ్యా?"

చుట్టూ బండ్లవాళ్ళు నిలబడి చూస్తున్నారు. జవాను నవ్వు ఆపుకోలేకపోయాడు. ఈ సంగతి సురేకారం చూసిన ప్రతివాడికీ తెలుసు. బీఎస్సీ చదివినవాడికి ఇంకా బాగా తెలియాలి. దరోగా గడపలో నిలబడి తన బూటు మీద పడ్డ ఉప్పురవ్వను చూస్తున్నాడు. వంగి చేతిరుమాలుతో దాన్ని తుడిచాడు.

"ఇది వంటింటి తమాషా. ఇల్మ్ కాదు," అన్నాడు. ఇల్మ్ అంటే ఆయన భాషలో శాస్త్రం.

"ఈ మాట కూడా రిపోర్టులో రాద్దామా సాబ్?" అని అడిగాను. అంతకంటే ధైర్యం నాలో లేదు.

"నిన్నెవరన్న అడిగిన్రా?"

లింగయ్యను మిర్యాలగూడ లాకప్పుకు తీసుకెళ్ళారు. రిపోర్టులో సురేకారం అన్న మాట లేదు. మిర్యాలగూడ చేరేసరికి పొటాషియం అంటే సురేకారమే అయింది, ఎవరికీ ఇంకో మాట అవసరం లేకపోయింది. నెల తిరక్కుండా పైనుంచి మెచ్చుకుంటూ ఒక ఉత్తరం వచ్చింది. జవాన్లందర్నీ వరుసగా నిలబెట్టి దాన్ని ఆయనే చదివి వినిపించాడు. చదివాక కొంచెం ఆగి, రెండోసారి చదివాడు. పట్నం అర్జీకి జతచేయమని నాకు ఇచ్చాడు.

వానలు మొదలైన తర్వాత నాకా దస్తావేజులు ఇవ్వడానికి మిర్యాలగూడ పోయాను. లాకప్పు గోడ పక్కన సత్తెమ్మ కూర్చుని ఉంది. మందను తానొక్కతే నేరేడుచర్ల మీదుగా ఊరికి తోలుకుపోయిందట. దారిలో సగానికి సగం పోయాయట. కొన్ని రోగంతో, కొన్ని దొంగలకు. మిగిలినవి అన్నదమ్ములకు అప్పగించి వారానికోసారి ఇక్కడికి నడిచి వస్తోంది. ఒక్కోసారి లోపలికి పంపుతారు, ఒక్కోసారి పంపరు.

నన్ను గుర్తుపట్టింది. "తమ్మీ, నిన్నొకటి అడుగుత. గా నీలం అద్దంల మీకేం గనపడ్డది?"

"బూడిద కనపడ్డదక్కా," అన్నాను.

"అయితే మీకెర్కనే."

"ఎర్కనే."

ముఖం తిప్పుకుని తలుపువైపు చూస్తూ కూర్చుంది. నేను దస్తావేజులు ఇచ్చి వచ్చేశాను.

ఆ తర్వాత యూనియన్ ఫౌజు వచ్చింది. మా నాకా ముందునుంచే ట్యాంకులు సూర్యాపేటవైపు పోయాయి. అడ్డకర్ర ఎవరు విరగ్గొట్టారో తెలియదు, తెల్లారేసరికి రెండు ముక్కలై పడి ఉంది. లాకప్పులు తెరిచారు. కొన్నాళ్ళకు నాకా మూతపడి, నన్ను సూర్యాపేటలో హైస్కూలు గుమాస్తాగా వేశారు. చేరి రెండు నెలలు కాకముందే కొత్త సైన్సు సారు వచ్చాడని పిలిచారు. వెళ్ళి చూస్తే ఆయనే. రూమీ టోపీ లేదు. ఖద్దరు చొక్కా, నెత్తిన తెల్లటోపీ. షేర్వానీలాగే చొక్కా గుండీలు కూడా మెడదాకా పెట్టుకున్నాడు.

"ఏమయ్యా, బాగున్నవా?" అని తెలుగులో అడిగాడు. మున్షీ అనలేదు.

బర్కియా ఎలక్ట్రాన్ అయింది. జౌహర్ ఆటమ్ అయింది. దర్జా పోయి లెవల్ వచ్చింది. పాఠం మాత్రం అదే. చెక్కపెట్టె అదే. సున్నం పెడితే ఇటుకరంగు, మైలతుత్తం పెడితే ఆకుపచ్చ, ఉప్పు పెడితే పసుపు. పిల్లలు నోళ్ళు తెరిచి చూసేవాళ్ళు. నాకు కోపం వచ్చేదల్లా అక్కడే. ఆయన పాఠం బాగా చెప్పేవాడు. పరమాణువు ఏం తింటుందో, ఎంత తింటుందో, ఎప్పుడు వదిలేస్తుందో ఆయనకు అణువంత పొరపాటు లేకుండా తెలుసు. ఎదురుగా నిలబడ్డ మనిషికి ఏం జరుగుతుందో తెలుసుకోవాలని మాత్రం ఒక్కరోజూ అనిపించలేదు.

అప్పట్లో పాత కొలువుల్లో ఉన్నవాళ్ళ మీద ఫిర్యాదులుంటే ఇమ్మని దండోరా వేశారు. సత్తెమ్మ ఎవరి చేతనో రాయించి ఒకటి పంపింది. విచారణ జరిగేదాకా ఆయన ఉద్యోగం ఖాయం కాదు. ఫిర్యాదు చేసినవాళ్ళ దగ్గర్నుంచి ఏమన్నా రాతపూర్వకంగా తెచ్చుకుంటే మంచిదని హెడ్మాస్టరు సలహా ఇచ్చాడు. ఆయన నా బల్ల దగ్గరికి వచ్చి, బల్ల అంచు తుడిచి, దాని మీద చెయ్యి పెట్టాడు.

"వాళ్ళు నీకు పరిచయమే గదా. నాకు తెలుగు రాత సరిగ్గ రాదు. జర తోడు రా."

పోవాల్సిన అవసరం నాకు లేదు. ఆయన అక్కడ ఏం మాట్లాడతాడో చూడాలని పోయాను.

మిర్యాలగూడ దాకా ఒక బస్సు, అక్కణ్ణుంచి ఇంకొకటి. బస్సు దిగాక పొలాల నడుమ నడక. లింగయ్య దొడ్డి దగ్గర తడికె కడుతున్నాడు. నేను పిలిస్తే పలకలేదు. చుట్టూ తిరిగి ఎదురుగా నిలబడితే చూసి, కుడిచెవి నావైపు తిప్పాడు. ఎడమచెవి లాకప్పులో పోయిందట. ఆ సంగతి అతను ఎండలు బాగున్నాయని చెప్పినట్టు చెప్పాడు. దరోగా అప్పుడు కొంచెం వెనకగా నిలబడి చెప్పుల దుమ్ము దులుపుకుంటున్నాడు.

మంచం వేశారు. సత్తెమ్మ నీళ్ళిచ్చింది. ఆయన బస్సులో తను చెప్పగా నాతో రాయించిన కాగితం చదవమన్నాడు. చదివాను. ఈయన నా మీద చెయ్యి వెయ్యలేదు. నన్ను తిట్టలేదు. నా దగ్గర ఏమీ ఆశించలేదు.

లింగయ్య ఆలోచించాడు. "గిదంత నిజమే. నన్ను గొట్టినోళ్ళు వేరే. ఈ సారు నన్ను అరే అని గూడ అనలే," అంటూ బొటనవేలు చాపాడు.

"ఆగు," అంది సత్తెమ్మ. "తమ్మీ, దాని కింద ఇంకో మాట రాయి. ఉప్పుల బూడిద కలిపినమని మేము చెప్పినం. ఈయన ఇన్నడు. బూడిదని ఈయనకెర్కనే. గంతే రాయి."

నేను రాశాను. ఈసారి ఎవరి అనుమతీ అడగలేదు.

"అది అవసరం లేదు," అన్నాడు ఆయన, కాగితాన్ని చూస్తూ.

"అబద్దమా?" అంది సత్తెమ్మ.

"అబద్ధమని నేనన్ననా? అవసరం లేదంటున్న."

"మాకవుసరమే."

ఆయన చేతిరుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. "చూడమ్మా, నీకు అర్థమయ్యేటట్టు చెప్తా. మంటలో పెడితే ఎలక్ట్రాన్ ఒక లెవల్ నుంచి ఇంకో లెవల్‌కు పోతది. దిగేటప్పుడు ఒక రంగు వస్తది. ఆ రంగు చూసి అది ఏ పదార్థమో చెప్పటం వరకే నా పని. ఆ తర్వాత ఏమైందో..."

"మా ఆయనను ఆడ ఏం జేసిన్రో నీకెర్కనా?"

"అది వేరే డిపార్టుమెంటు."

సత్తెమ్మ ఆయన ముఖంలోకి చూసింది. ఆయన తన చేతిలోని నీళ్ళచెంబును చూస్తున్నాడు. లింగయ్యకు ఈ మాటలన్నీ వినిపించాయో లేదో తెలియదు. భార్య కాగితం తెచ్చి ముందు పెడితే, ఆఖరి మాట కింద బొటనవేలు గట్టిగా అద్దాడు.

ఆయన కాగితం తీసుకుని నన్ను పక్కకు పిలిచాడు. "కింది లైను కోసెయ్యొచ్చా?" అని మెల్లగా అడిగాడు.

"కోస్తే వేలిముద్ర గూడ పోతది సార్."

"అయితే పై మూడు మాటలతో ఇంకోటి రాయి."

"మీరే రాయండి," అన్నాను. ఆయన నా ముఖం చూశాడు. ఇన్నేళ్ళలో అదొక్కసారే.

సత్తెమ్మ కాగితం ఆయన చేతిలోంచి తీసుకుని ఇంట్లోకి పోయింది. మళ్ళీ బయటికి రాలేదు.

విచారణ ఏమైందో ఇక్కడే చెప్పేస్తాను, ఎవరూ ఆశపడకుండా. విచారణకు వచ్చిన అధికారి ఆ పాత రిపోర్టు తెప్పించుకుని, తర్జుమా చేయించి, రెండుసార్లు చదివాడు. పరీక్ష జరిగింది నిజం, పొటాషియం ఉండటం నిజం, సురేకారం అని ఎక్కడా రాయలేదు, ఇందులో ఒక్క అబద్ధమూ లేదు కదా అన్నాడట. నన్నూ పిలిచారు. చూసింది, విన్నది చెప్పాను. రాసుకున్నారు. సత్తెమ్మను పిలవలేదు. ఆయన ఉద్యోగం ఖాయమైంది. తర్వాత పాతికేళ్ళు పిల్లలకు ఎలక్ట్రాన్లు ఎక్కించి దింపాడు. అందులో కొందరు పెద్ద ఇంజనీర్లయ్యారు. ఇద్దరు నా ఇంటికి ఫోటో తెచ్చారు.

ఇక ఆ రోజు సంగతి. మాకు దారి తప్పుతుందని లింగయ్య రోడ్డుదాకా తోడు వచ్చాడు. దారి సన్నం. లింగయ్య కర్ర భుజాన వేసుకుని నడుస్తున్నాడు. ఆయన లింగయ్య పక్కన చేరాడు, ఎడమవైపు. నేను వెనక ఉన్నాను.

ఆయన మాట్లాడటం మొదలుపెట్టాడు. ఎన్నడూ గొంతు పెంచని మనిషి కదా, అప్పుడూ పెంచలేదు. తన చదువు గురించి చెప్పాడు. ముసలితల్లి గురించి చెప్పాడు. ఉద్యోగం పోతే బతుకు ఎట్లా అన్నాడు. ఆడవాళ్ళకు ఇవన్నీ తెలియవు, నువ్వు మగాడివి, ఇంకో కాగితం మీద వేలిముద్ర వేసి పంపు అన్నాడు. కాసేపయ్యాక, నన్ను మాఫ్ చెయ్యి అని కూడా అన్నాడు. ఆ మాట నేను చెవులారా విన్నాను. లింగయ్య ముందుకు చూస్తూ నడుస్తున్నాడు. మౌనంగా ఉన్నాడంటే కరుగుతున్నాడని ఆయన అనుకున్నట్టుంది. ఇంకా దగ్గరికి జరిగి, ఇంకా మెల్లగా మాట్లాడాడు. కుడిపక్కకు రమ్మని నేను ఒక్క మాట చెప్పొచ్చు. చెప్పలేదు.

రోడ్డు ఎక్కేసరికి దూరంగా బస్సు దుమ్ము లేచింది. ఆయన చెయ్యి ఊపుతూ రోడ్డు నడుమకు పోయాడు. లింగయ్య ఆగి, కుడిచెవి నావైపు తిప్పాడు.

"తమ్మీ, గా సారు తొవ్వల ఏమన్న మాట్లాడిండా? నాకు అటుదిక్కు ఇనరాదు."

"ఏం లేదు లింగన్నా," అన్నాను. "ఎండ బాగున్నదన్నడు."

"అవు. బాగున్నది," అని లింగయ్య కర్ర భుజం మార్చుకుని గొర్ల దగ్గరికి తిరిగి పోయాడు.